ఎంగిలి చేసిన రేగుపండ్ల కల్లు

రేగుపండ్ల కల్లు మొదటిసారి తాగిన పొద్దు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు మా ఊళ్లో తుపాకి పేలలేదు. ఎవరూ నినాదం చెయ్యలేదు. ఒక ముసలావిడ దొప్పెడు కల్లు తాగింది, అంతే.

రామన్నపేట అంగడికి నడిచిపోయేంత దూరంలో ఉంటుంది మా ఊరు. మాది మగ్గం ఇల్లు. మా వెనకింట్లో ఈత చెట్లు గీసే మామ, వాళ్లమ్మ ఉండేవాళ్లు. ఆమెను ఊరంతా అవ్వ అనే పిలిచేది. చలికాలం ఈతకల్లు దిగే రోజుల్లో అవ్వ పండిన రేగుపండ్లు ఏరుకొచ్చి, పిసికి, లొట్టిలోని, అంటే కల్లుకుండలోని తాజా కల్లులో కలిపి, మూతికి గుడ్డ కట్టి మర్నాటిదాకా పక్కనుంచేది. ఆ లొట్టి మొత్తం మా ఊరి దొర ఉండే గడికే. ఊళ్లో ఇంకెవరికీ కాదు. రుచి చూస్తే ఎంగిలవుతుంది, ఎంగిలి దొర ముట్టడు. కాబట్టి చేసే మనిషి కూడా నాలుక మీద వేసుకోకూడదు. అవ్వ లొట్టికి చెవి ఆనించి లోపలి బుసబుసలు విని, వాసన పట్టి, "అయింది" అనేది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఇదే పద్ధతి. తన చేతి రుచి తనకే తెలియని మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను.

దొరల మీద తిరగబడ్డ సంఘం ఊళ్లోకి వచ్చాక దొర పట్నం పారిపోయాడు. గడికి తాళం వేసుకున్నాడు గాని, తనంటే ఉన్న భయాన్ని మాత్రం మాకే వదిలి పోయాడు. "మనకోసం చెయ్యరాదె అవ్వా" అని అడిగితే, "పండ్లు ఏరనీకి నడుం వంగుతలేదు రా" అనేది. మిగతా పనులన్నింటికీ ఆ నడుం చక్కగా వంగేది.

పోలీసు చర్య అయింది. మిలిటరీ వెనకాలే దొర తిరిగొచ్చాడు. షేర్వాణీలో పోయినవాడు ఖద్దరులో వచ్చాడు, లోపలి మనిషి మాత్రం మారలేదు. చలి మొదలు కాగానే దొర కింద పనిచేసే గడి జవాను మామ ఇంటికి కబురు తెచ్చాడు.

"దొరకు రేగుపండ్ల కల్లు యాదికొచ్చింది. రేపు పొద్దుగాల వస్త, తయారు పెట్టుండ్రి."

మామ ముఖం పాలిపోయింది. సంఘపోళ్ల జాడ చెప్పమని అప్పటికే మిలిటరీ క్యాంపులో అతని అరికాళ్ల మీద కొట్టి పంపారు. కుంటుతూనే చెట్లెక్కుతున్నాడు.

"పంపుదామె అమ్మా. ఒక్క లొట్టి. పోతే పోయింది."

అవ్వ పోయి పండ్లు ఏరుకొచ్చింది. ఈ లొట్టి గడికి పోతే, వెనకే పాత వెట్టిచాకిరీలన్నీ వరస కడతాయని ఊరందరికీ తెలుసు. నాకు కోపమొచ్చింది.

"గింత పోరాటం జేసి ఆఖరికి దొరకు కల్లు కలుపుతున్నవా అవ్వా?"

"నువ్వెప్పుడు జేసినవ్ రా పోరాటం? మగ్గం గుంతల కూసొనా?"

నిజమే.

మర్నాడు పొద్దున మండువ దగ్గర, అంటే మేము కల్లు తాగే జాగాలో, పదిమందిదాకా ఉన్నాం. జవాను వచ్చి లొట్టికి చెయ్యి చాచాడు. అవ్వ అతని చేతిని పక్కకు జరిపి, గుడ్డ విప్పి, మోదుగాకు దొప్ప ముంచి గటగటా తాగేసింది.

మామ కళ్లు మూసుకున్నాడు. అలాంటప్పుడు నా నోరు ఊరుకోదు.

"ఎట్లున్నదవ్వా? దొరకు నచ్చుతదా?"

"నవ్వుడు గాదు, తాగు," అని అదే దొప్ప నింపి నా చేతికిచ్చింది.

జోకులు వేసేవాడికి పక్కన నిలబడడం అలవాటు, ముందు నిలబడడం కాదు. జవాను నన్నే చూస్తున్నాడు. తాగాను. దవడలు ముడుచుకున్నాయి. చెవుల వెనక జివ్వుమంది. ఒక కన్ను దానంతటదే మూసుకుంది. ఆ పులుపు దాటాక ఈతకల్లు తీపి సన్నగా తగిలింది, దాని వెనకే రేగుపండు వగరు గొంతు గీరుకుంటూ దిగింది. నురగ ముక్కులోకెక్కి గట్టిగా తుమ్మాను. మా ఊరి పోరాటంలో నా వంతు ఆ తుమ్మే.

దొప్ప చేతులు మారింది. మామ తప్ప అందరూ తాగారు.

"ఏం పని జేసినవే ముసల్దానా? దొరకేం జెప్పాలె నేను?" అన్నాడు జవాను.

"మస్తు పుల్లగున్నదని జెప్పు. నమ్మకం లేకపోతే నువ్వు సుత తాగి జెప్పు."

జవాను తాగలేదు. తాగి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. ఏం చేస్తాం, తాగలేదు.

మధ్యాహ్నం అతను మిలిటరీ సాబును వెంటబెట్టుకొచ్చాడు. సాబుకు తెలుగు రాదు, జవాను ఉర్దూలో చెప్పింది నేను తెలుగులో చెబుతున్నాను.

"క్యా కియా ఇస్నే?" ఏం చేసిందీమె అని.

"కల్లు తాగింది సాబ్."

"కిస్కా?" ఎవరిదని.

జవాను లొట్టి వంక, అవ్వ వంక చూశాడు. "ఆమెదే సాబ్."

సాబు జవానును పైనుంచి కిందికి చూసి జీపెక్కి పోయాడు. న్యాయం గెలిచిందనుకోకండి. దొర మాట మీద, కొద్దిరోజులకే మామను క్యాంపుకు పిలిచి పూటంతా ఎండలో నిలబెట్టారు.

అతను తిరిగొచ్చేసరికి అవ్వ ఇంకో లొట్టి రేగుపండ్ల కల్లు చేసి మా అందరికీ పోస్తోంది. మామ వచ్చి నా చేతిలోని దొప్ప లాక్కుని తాగాడు. ముఖమంతా ముడతలు పడింది.

"గీ పులుపు కోసమా నన్ను గంతసేపు నిలబెట్టింది?" అని, దొప్ప చాచాడు. "ఇంకింత పొయ్యె అమ్మా."