సగం కమీషన్

నందిగామలో బీమా ఏజెంట్ల మీటింగుకు బయల్దేరిన రోజు మా పెద్దమ్మ జయమణికి బస్సులో కాలు నిలవలేదట. అది పంతొమ్మిది వందల యాభైమూడో సంవత్సరం. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పాలసీలు కట్టించేది పెద్దమ్మ. ఆవిడ పనిచేసే ప్రైవేటు బీమా కంపెనీ మేనేజరు శేషాద్రి గారు మాత్రం ఆడ ఏజెంట్లకు సగం కమీషనే ఇచ్చేవాడు. చిల్లకల్లు దాకా ఎండలో నడిచిన ఆడదాని కాళ్ళు సగమే నొప్పి పెడతాయనుకున్నాడు కాబోలు.

మీటింగులో ఆయన మగవాళ్ళ కష్టాన్ని పొగుడుతుండగానే పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఈ అన్నయ్యలు అరుగు మీద కూర్చుని అడిగితే రైతు ఏమంటాడండి? ఇంట్లో అడిగి చెప్తా అంటాడు. నేను పెరటి గుమ్మం దగ్గరికెళ్ళి ఆ ఇల్లాలినే ఒప్పిస్తున్నా. ఆవిడ సరేనన్నాక ఆయన చేసేది సంతకమే. మరి నా పని సగమెలా అయిందండి?"

హాలంతా గోల. "నిజమేనండి, నాకూ ఊరూరా అదే జవాబు" అంటూ కంచికచర్ల ఏజెంటు రామబ్రహ్మం బల్ల చరిచాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు.

శేషాద్రి గారు చెమట తుడుచుకున్నాడు. "సరేలేమ్మా, ఇంటికెళ్ళి నిదానంగా ఆలోచించి చెప్తా."

పెద్దమ్మ ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

"మీ పెరటి గుమ్మం దగ్గర్నుంచే వస్తున్నానండి. అమ్మగారు సరేనన్నారు. ఇక మీ సంతకమే మిగిలింది."