తెరేసమ్మ కడిగిన నేల

తెరేసమ్మ కడిగిన నేల మీద విస్తరి లేకుండా అన్నం పెట్టుకు తినొచ్చని ఊళ్ళో అనేవారు. ఇప్పుడెవరూ అనరు.

పదేళ్ళకే వరి ఊడ్పుల్లోకి దిగిన మనిషి. నడుము ఇక వంగనని మొరాయించాక, బందరు రోడ్డు వైపు ఊరి చివర పురుగుమందుల గోడౌన్‌లో ఊడ్చే పనికి కుదిరింది. చదువు రెండో తరగతితో సరి. అది ఎవరైనా ఎత్తి చూపితే, "నీ చదువెంతో నీ గుమ్మం ముందున్న చెత్తే చెబుతోందిలే" అనేది. శనివారం చర్చి నేల కడిగే వంతు ఆమెదే. వంతంటే ఎవరో ఇచ్చింది కాదు, "అది కడగడమా, తడపడమా?" అంటూ అంతకుముందు కడిగే మార్త చేతిలో చీపురు లాక్కుని తీసుకున్నది.

గోడౌన్ గోడకు పుర్రె బొమ్మ ఉన్న కాయితం ఒకటి అంటించి ఉండేది. మందు ఒలికితే ఏం చేయాలో, ఏ నంబరుకు చెప్పాలో అందులో ఎర్రక్షరాల్లో రాసి ఉంది. పొద్దున్నే పుర్రె మొహం చూడాలా అని తెరేసమ్మ దాని మీద చర్చి క్యాలెండరు తగిలించింది. గొర్రెపిల్లను ఎత్తుకున్న ప్రభువు బొమ్మ. ఆ క్యాలెండరును కదిపే ధైర్యం మేనేజరు చక్రికి లేకపోయింది.

మట్టల ఆదివారానికి ముందు రోజు, హమాలీలు లారీ దించుతుంటే ఇరవై లీటర్ల మందు డబ్బా జారి మూత పగిలింది. ఘాటుకు అందరూ బయటికి పరిగెత్తారు. చక్రి అప్పుడు గవర్నర్‌పేటలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఒకటే మాట చెప్పాడు.

"మామ్మా, నీళ్ళు మాత్రం పొయ్యకు. ఇసుక పోసి తలుపు దగ్గరికి వేసెయ్. నేనొచ్చి చూస్తా."

మూతికి చెంగు కట్టుకుని రెండు తట్టల ఇసుక పోసింది. పోసి చూసుకుంటే తనకే అసహ్యం వేసింది. పిల్లి కప్పెట్టినట్టు మురికి మీద ఇసుకా! అవతల చర్చి కడగాలి, పిల్లలకు ఈత మట్టలు కోయించాలి. తను ఊడ్చే నేల ఇలా ఉందని రేపు ఎవడైనా అంటే?

బోరు మోటారు వేసింది. పదహారు బకెట్లు. మందు మీద నీళ్ళు పడగానే పాలలా తెల్లబడింది. ఫినాయిలూ అంతే కదా, తెల్లబడిందంటే మురికి వదిలినట్టే అనుకుంది. తెల్లటి నీళ్ళు గోడ అడుగున తూరలోంచి వెనక పారే బోదెలోకి దిగిపోయాయి. నేల అద్దంలా మెరిసింది. కళ్ళు మండుతున్నా ఆమె మనసు మాత్రం చల్లగా ఉంది.

సాయంత్రం వచ్చిన చక్రి నేల చూసి ఆగిపోయాడు. "మందేది మామ్మా?"

"ఇసుకతో సహా గోనెలోకెత్తి, గొయ్యి తీసి పూడ్చా."

అబద్ధం ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. చెప్పిన మాట వినలేదని ఓ కుర్రాడి చేత అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది, అంతే. "నువ్వుంటే నాకు దిగుల్లేదు మామ్మా" అని అతను బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ బోదె ఊరి మంచినీళ్ళ చెరువుకు నీళ్ళు తెచ్చే బోదె. నాలుగు రోజుల్లో కాలువకు నీళ్ళు కట్టేస్తారు. కట్టేశాక మళ్ళీ వానలదాకా ఊరికి ఆ చెరువే గతి. ఆదివారం పది గంటలకు తూము ఎత్తి బోదె నీళ్ళతో చెరువు నింపుతామని పంచాయతీ మైకులో రెండుసార్లు చెప్పారు. తెరేసమ్మా విన్నది. అంత నీళ్ళల్లో ఇంత మందు ఏపాటి అనుకుంది.

దీపాలు పెట్టే వేళకు హనుమయ్య వచ్చాడు. కోసిన చేలల్లో బాతులు మేపుకుంటూ ఏటా ఇటు వచ్చే మనిషి. వచ్చినప్పుడల్లా ఆమె అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగి పోతాడు. ఆ రోజు కూర్చోలేదు. చేతిలో బాతు వేలాడుతోంది, మెడ వడలిన తోటకూర కాడలా ఉంది.

"అరవై పోయినయ్యక్కా. బోదెలో నీళ్ళు తాగినయ్, గిలగిలా కొట్టుకున్నయ్. ఆ సంజీవరావు మినప చేలో మందు కొట్టి, డబ్బాలు బోదెలో కడిగుంటాడు. ఇయ్యాల వాడో నేనో తేలిపోవాలి."

"ఎవడు చేశాడోగానీ వాడి చేతులు పడిపోను!" అంది తెరేసమ్మ. ఆ మాట నోరు దాటగానే తన చేతుల వంక చూసుకుంది. వేళ్ళ సందుల్లో ఇంకా చురచురమంటూనే ఉంది. హనుమయ్య నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. సంజీవరావు గుమ్మంలో ఇద్దరూ కలబడబోతే పదిమంది పట్టుకుని విడదీశారని తరవాత విన్నది. సంజీవరావు పిల్లల మీద ఒట్టేశాడట. ఆ ఒట్టు నిజమని ఊళ్ళో ఆమెకొక్కదానికే తెలుసు.

మర్నాడు చర్చిలో, తను కడిగిన నేల మీదే కూర్చుంది. చుట్టూ పిల్లలు మట్టలు ఊపుతూ హోసన్నా అంటున్నారు. కోడలు దీవెన చంటిదానికి సీసాతో నీళ్ళు పడుతోంది. ఆ నీళ్ళు చెరువువే. పిల్ల గుటకలు వేస్తుంటే తెరేసమ్మ తలెత్తి చూసింది. గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

లేచింది. పాట మధ్యలో, పాస్టరుగారు చూస్తుండగా, చేతిలో మట్ట అలాగే పట్టుకుని బయటికి నడిచింది. మోకాళ్ళు వద్దంటున్నా చెరువు గట్టు దాకా ఉరికినంత పని చేసింది. తూము దగ్గర సర్పంచి రాజ్యలక్ష్మి కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉంది. కాలువ లస్కరు డేనియల్ తూము చక్రం మీద చెయ్యి వేశాడు.

"తిప్పకురా! ఆ నీళ్ళల్లో విషం ఉంది."

డేనియల్ నవ్వాడు. "ఏంటి మామ్మా, చర్చిలో ఉండాల్సినదానివి. హనుమయ్య బాతుల సంగతేగా? అంత పారుదలలో కొట్టుకుపోతుందిలే. అయినా నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే పోశా. పదహారు బకెట్లు."

రాజ్యలక్ష్మి చేతిలో కొబ్బరికాయ కిందికి దిగింది. "తెరేసమ్మా! నిన్న పోసి, ఇవాళా చెప్పేది?"

తెరేసమ్మ మట్టను గట్టు మీద పెట్టి, చక్రికి కబురు పెట్టమంది.

డేనియల్ చక్రం మీంచి చెయ్యి తీశాడు. చక్రి వచ్చాడు. అతన్ని గోడౌన్‌లోకి తీసుకుపోయి క్యాలెండరు ఆమే దించింది. కింద పుర్రె, నంబరు బయటపడ్డాయి. ఆ నంబరుకు చేస్తే మధ్యాహ్నానికి ఎలిజబెత్ అనే ఇంజనీరమ్మ మనుషుల్ని వెంటేసుకుని వచ్చింది. బోదెకు పైనా కిందా మట్టికట్టలు వేయించింది. మధ్యలో నీళ్ళు తోడి డ్రమ్ములకెత్తించింది. గట్ల వెంట బస్తాల కొద్దీ ఊక పోయించి, అది పీల్చుకున్నాక అడుగు బురదతో సహా చెక్కించి లారీలకెత్తించింది. చచ్చిన చేపల్ని, కప్పల్ని కూడా ఏరించింది.

"నేనూ ఓ పార పడతానమ్మా" అంది తెరేసమ్మ.

"మీరు ఇప్పటికే కడిగారుగా, చాలు. ముందు ఆసుపత్రికెళ్ళి ఆ చేతులు, కళ్ళు చూపించుకోండి" అందావిడ. కోపంగా కూడా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

"నిన్న ఇసుకతోనే వదిలేసి ఉంటే రెండు గోనెలతో పోయేది మామ్మా" అన్నాడు చక్రి. బోదె బాగయ్యేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా కాలువ కట్టేశారు. చెరువు అడుగంటే ఉంది. ఆ వేసవంతా ఊరు ట్యాంకరు నీళ్ళే తాగింది. బిందెల వరసలో ఆడవాళ్ళు ఆమె వినేలాగే అనేవారు. "జాగ్రత్తమ్మోయ్, తెరేసమ్మకు నీ బిందె మురికిగా కనపడిందంటే కడిగేస్తుంది!" ఆమె ఆ మాటలన్నీ పడింది. పొద్దున ముందొచ్చినా అందరూ పట్టుకున్నాకే పట్టుకునేది. సంజీవరావు ఇంటికి వెళ్ళి నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. ఆయన "సరేలే" అన్నాడు, కూర్చోమనలేదు.

దేవుడు ఎప్పుడో క్షమించాడమ్మా అన్నారు పాస్టరుగారు.

"ఆయనవి కావుగదండీ బాతులు" అంది.

చర్చి చీపురు మార్తకు ఇచ్చేసింది. గోడౌన్‌లో పుర్రె బొమ్మకు ఎదురుగానే ఊడుస్తోంది. మరుసటేడు కోతలయ్యాక హనుమయ్య మళ్ళీ వచ్చాడు. మందను బోదె వైపు కాకుండా రోడ్డుకు అవతలి గట్టున తోలుకుపోతున్నాడు. తెరేసమ్మ రోజూ దీపాలవేళకు చెంబు తోమి, నీళ్ళు పోసి అరుగు మీద పెడుతుంది. బాతుల అరుపులు ఇంటి ముందుకొచ్చి, దాటి, దూరమవుతాయి. చెంబును నిండుగానే లోపలికి తెచ్చుకుంటుంది.