గుర్రపుశాల గుమ్మానికి గన్నేరు దండ

మొన్న మా చెల్లెల్ని ఢిల్లీ విమానం ఎక్కించి తిరిగి వస్తుంటే, శంషాబాద్ రోడ్డు మధ్యలో పొడుగునా గులాబిరంగు గన్నేరు విరగబూసి కనబడింది. కారు నడుపుతున్న మా కోడలు ఒకసారి ఆ పూలవైపు, ఒకసారి నావైపు చూసి చిన్నగా నవ్వింది, నాకూ నవ్వొచ్చింది, ఇక వెనక సీట్లో ఉన్న మనవరాలు ఎందుకు నవ్వుతున్నారో చెప్పమని ప్రాణం తోడేసింది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. నా ఈడు వాళ్ళయితే అత్తగారంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర లేదు కనుక, దానికంటే మీకు చెప్పడమే సులువు.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో మేం కొత్వాల్‌గూడ దగ్గర ఉండేవాళ్ళం. కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి, ఏళ్ళ తరబడి నగరంలో అద్దె ఇళ్ళలో ఒదిగి బతికిన మాకు, చుట్టూ అంత ఖాళీ స్థలం ఉన్న ఇల్లంటే ఒళ్ళు తెలియని సంబరం. ఇంటి ముందు మా అత్తగారు పట్టుబట్టి గన్నేరు కంచె వేయించారు, ఆవిడ శివపూజకు ఆ పూలు తప్ప మరొకటి ఆనవు. ఇంటి వెనక మాత్రం ఏం వెయ్యాలో తోచక వదిలేశాం. మా అబ్బాయి పెళ్ళయ్యాక అక్కడికి గుర్రం వచ్చింది. అవును, కోడలితో పాటే గుర్రం కూడా వచ్చింది. వాళ్ళ నాన్నగారు నగరంలో పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పేవారు. తల్లి చిన్నప్పుడే పోయింది, పెళ్ళికి ముందు ఏడాది ఆయనా పోయారు. ఆ పిల్లకు పుట్టింటి నుంచి మిగిలింది చుక్క అనే ఆ ముసలి గుర్రం ఒక్కటే. మా బంధువులు సారె కింద గుర్రాన్ని తెచ్చుకున్న కోడలని చాలాకాలం ఆటపట్టించారు.

మా అత్తగారికి గుర్రంతో పేచీ లేదు, పేచీ అంతా క్రైస్తవుల పిల్లను చేసుకున్నాడని మనవడితోనే. పోట్లాడితే మనమూ నాలుగు మాటలని తేల్చుకోవచ్చు, కానీ ఆవిడ పోట్లాడే మనిషి కాదు. ఆ పిల్ల కలిపిన కాఫీ తాగేవారు కాదు, పేరుపెట్టి పిలిచేవారు కాదు, ఎంతసేపూ ‘ఆ అమ్మాయి’ అనేవారు. చుక్కమీద మాత్రం ఆవిడకు ఎక్కడలేని ప్రేమ. దసరాకు గుర్రపుశాలకు నడుమెత్తున ఉండే సగం తలుపుకు బంతిపూల దండ కడితే, అది మెడ చాచి మొత్తం దండను పీకి నమిలేసింది. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆ తరువాత శుక్రవారం వచ్చిందంటే చుక్క తలుపుకు బంతిదండ వేలాడాల్సిందే. తన తలుపుకు వేలాడేదేదైనా తన కోసమేనని ఆ గుర్రం కూడా నేర్చేసుకుంది.

క్రిస్మస్ దగ్గరపడింది. వాళ్ళ నాన్నగారు ఏటా గుర్రపుశాలను అలంకరించేవారట, నేనూ చెయ్యనా అత్తయ్యా అని కోడలు నన్నడిగింది. మా ఇంట్లో దానికి అది మొదటి క్రిస్మస్. మావారు నాకంటే ముందు ఉత్సాహపడి సీరియల్ బల్బులు, బుడగలు, జిగేల్‌మనే కాగితపు దండలు, కొవ్వొత్తులు సంచినిండా తెచ్చారు. కోడలు ఆయన చిన్నబుచ్చుకోకుండా అన్నీ మెచ్చుకుని, ఒక్కటీ వదలకుండా ఇంటి చుట్టూ ఉన్న వరండాలోనే కట్టించింది. వైర్లు కొరికితే ప్రమాదమని, ఎండుగడ్డి ఉన్నచోట మంట మాట ఎత్తకూడదని, బుడగ పేలితే గుర్రం గోడకు గుద్దుకుంటుందని నాకు తరువాత చెప్పింది. నెత్తిమీద విమానం పోయినా చెవి కదపని చుక్క, ఆ మెరుపు కాగితం గాలికి గరగరలాడితే నాలుగు కాళ్ళమీదా ఎగిరింది. దాన్ని చూసుకోవడానికి మేం పెట్టుకున్న కొత్వాల్‌గూడ పెద్దాయన, “ఏందమ్మా, గంత పెద్ద విమానానికి భయపడదు గని గీ కాయితానికి గింత పరేషానా?” అని విస్తుపోయాడు. చివరికి క్రిస్మస్ నక్షత్రాన్ని బయట గుంజకు కట్టారు, ఎర్రగుడ్డ పేలికలు గుర్రం మూతికి అందనంత ఎత్తున దూలాలకు ముడేశారు, గుమ్మం దగ్గర క్యారెట్లు, పచ్చగడ్డి కట్టలు పేర్చారు. చూడముచ్చటగా ఉంది.

ఈ హడావుడంతా మా అత్తగారు వరండాలో కూర్చుని రోజూ చూస్తూనే ఉన్నారు. పండగ ముందురోజు మధ్యాహ్నం నేను కాఫీ గ్లాసులతో వెనక్కి వెళ్ళేసరికి, ఆవిడ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి గుర్రపుశాల దగ్గర నిలబడి ఉన్నారు. సగం తలుపుకు ఆకులూ పూలూ కలిపి చెయ్యంత లావున కట్టిన గన్నేరు దండ, గుర్రానికి సరిగ్గా అందేటట్టు వేలాడుతోంది. అప్పుడే చుక్కను తిప్పి తీసుకొస్తున్న కోడల్ని చూసి, “మీ పండగ కదా, మా పూలు కట్టాను. దాన్ని తిననియ్యి,” అన్నారు. ఆవిడ ఆ పిల్లతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

కోడలి ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఎందుకో నాకర్థం కాలేదు. గన్నేరు పప్పు విషమని మనందరికీ తెలుసు, కానీ రోజూ దేవుడి నెత్తిన పెట్టే పువ్వును ఎవరు అనుమానిస్తారు? పైగా కంచెకున్న ఆకును మేకలు కూడా ముట్టవు, కాబట్టి ఏది తినాలో జంతువులకే తెలుసుననుకుంటాం. కానీ చుక్కకు తలుపు దండంటే బంతిదండే, అప్పటికే అది మెడ చాచింది. కోడలు పగ్గం పెద్దాయన చేతిలో పడేసి ఒక్క ఉదుటున వెళ్ళి, ఆ దండ తీసి తన మెడలో వేసుకుంది.

“దానికెందుకు మామ్మగారూ? నాకు మీరు ఇంతవరకూ ఒక్క పువ్వు కూడా ఇవ్వలేదు. ఇది నాకే కావాలి,” అంది.

మా అత్తగారు నిర్ఘాంతపోయి చూసి, “అంత ఆశగా ఉంటే అడగొచ్చుగా, వెర్రిమొహమా!” అని నవ్వేశారు. ఆ సాయంత్రం, కోడలు చేతులు తోమితోమి కడుక్కుని కాఫీ కలిపి ఇస్తే, ఆవిడ మారుమాట లేకుండా తాగారు. వంటింట్లో ఆ పిల్ల నాకు సంగతి చెప్పింది. గుప్పెడు ఆకు తిన్నా చుక్క దక్కేది కాదట. తాను ఎప్పుడూ గుర్రాన్ని ముందు గేటువైపు తీసుకురానిది ఆ కంచె చూసేనట, పూజపూలు కదా అని తీయించమనలేదట. కర్ర పట్టుకుని అంతదూరం వచ్చారు, మామ్మగారికి మాత్రం చెప్పకండి అంది. దాన్ని దగ్గరికి తీసుకుని సరేనన్నాను.

పండగ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే గడ్డపార చప్పుడు విని బయటికొస్తే, పెద్దాయన గన్నేరు కంచెను వేళ్ళతో సహా పెకలిస్తున్నాడు, అత్తగారు కుర్చీ వేసుకుని చేయిస్తున్నారు. ఇదేమిటి అత్తయ్యగారూ, మీ పూజకో అంటే, పాతబడింది, మందారాలు వేయిస్తున్నానన్నారు. ఆవిడ లోపలికెళ్ళాక పెద్దాయన నాతో గొంతు తగ్గించి అన్నాడు: “ఆనాడు బిడ్డ, నేను ఇద్దరం గడ్డిల రాలిన ఆకు, రేకలు ఏరుతుంటే పెద్దమ్మ సూసింది. బిడ్డ పోయినంక ఏందని గట్టిగ అడిగితే చెప్పిన. పెద్దమ్మకు చెప్పొద్దని బిడ్డ అన్నది, బిడ్డకు చెప్పొద్దని పెద్దమ్మ అన్నది. నడుమ నా పానం పోతున్నది. ఇగ నీకన్న చెప్పుకుంటున్నమ్మా.”

చదును చేసిన ఆ మట్టిని చూసి కోడలికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది? ఆ సాయంత్రం మొట్టమొదటిసారి చుక్కను ముందు గేటు నుంచి నడిపించుకొచ్చింది. వరండాలో మా అత్తగారు క్యారెట్టు పట్టుకుని సిద్ధంగా కూర్చుని ఉన్నారు. అది చూసి నేను కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఆ తరువాత వచ్చిన ప్రతి క్రిస్మస్‌కూ, గుర్రపుశాలలోకి ఏది తెచ్చినా, అది తింటే ఫరవాలేదా అని ముందు అడిగేది మా అత్తగారే. చుక్క ముసలితనంతో నిద్రలోనే పోయింది, కొన్నాళ్ళకు ఆవిడా వెళ్ళిపోయారు. ఆ ఇల్లు అమ్మి అపార్ట్‌మెంటులోకి మారాం, అక్కడిప్పుడు గోదాములు లేచాయి. పండగ అలంకరణ అట్టపెట్టెలో ఇంటికే వస్తుంది, దీపాలు ఫోనుతో వెలుగుతాయి. ఇంట్లో ఎవరి మనసులో ఏముందో అప్పటికప్పుడు మొహంమీదే చెప్పుకుంటున్నాం, అదీ మంచిదే. కానీ ఎదుటి మనిషి నొచ్చుకుంటుందని ఇద్దరు ఆడవాళ్ళు ఒక్క మాటను అన్నేళ్ళు దాచుకోవడం కళ్ళారా చూసినదాన్ని, ఆ ఇద్దరి మధ్యా బతికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

కిందటి నెల బాల్కనీలోకి మొక్కలు తెచ్చుకుందామని నర్సరీకి వెళ్ళాం. గన్నేరు తీసుకోండమ్మా, నీళ్ళు పోయకపోయినా పూస్తుందన్నాడు నర్సరీ అతను. మా ఇంట్లో గుర్రం లేక ఎన్నేళ్ళో అయింది, అయినా నేనూ కోడలూ ఒక్కసారే వద్దన్నాం.