చర్ల రూట్లో గుంటలన్నీ నాకు తెలుసు

భద్రాచలం నుంచి చర్ల వెళ్లే బస్సులో నేను కండక్టర్ని. నా నోరు పెద్దదని డ్రైవర్లందరికీ తెలుసు. ఆడవాళ్లకు ఉచితంగా జీరో టికెట్టు వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు ఉండదు, ఆ నోరు లేకపోతే బండి కదలదు. అంత నోరున్న దాన్ని, రెండేళ్లపాటు ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. బస్సు గుంటలో పడి ఎగిరితే నాకు మూత్రం పడిపోయేది.

రెండో కాన్పు తర్వాత తుమ్మితేనో దగ్గితేనో అయ్యేది. నలభై దాటాక రోడ్డు కుదుపుకే అవడం మొదలైంది. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, పొద్దున డ్యూటీ ఎక్కితే సాయంత్రం దిగేదాకా నీళ్లు ముట్టకపోవడం. దాంతో మూత్రంలో మంట కూడా తోడైంది. వాసన వస్తుందేమోనని జనం పక్కన నిలబడాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. చివరికి డిపోలో కూర్చునే పని ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాను. కారణం నడుం నొప్పి అని రాశాను. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. నాకు రోడ్డంటే ఇష్టం. నాలుగు గోడల మధ్య రోజంతా కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

మా చెల్లెలు ఆశా కార్యకర్త. ఒక ఆదివారం నా బ్యాగు నిండా ప్యాడ్లు చూసి నిలదీస్తే, ఉన్నదంతా చెప్పేశాను. "ఆపరేషన్ అంటరని బుగులైతున్నవా అక్కా? ఇప్పుడు ముందుగాల కసరత్తే చేయిస్తున్నరు. నడువ్" అని ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లింది.

అక్కడ డాక్టరమ్మ పరీక్ష చేసి, మూత్రసంచిని కింది నుంచి మోసే కండరాలు వదులయ్యాయని చెప్పింది. కసరత్తు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపింది. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. బొటనవేలంత సెన్సారు లోపల పెట్టి, "బిగించండి మేడమ్, తెర మీద గీత పైకి లేవాలె" అంది. ఊపిరి బిగబట్టి, కాన్పులో ముక్కినట్టు ముక్కాను. గీత లేవలేదు.

"మీరు కిందికి తోస్తున్నరు మేడమ్. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి, పైకి గుంజాలె."

ఇక్కడికి రాకముందు, ఎవరికీ తెలియకుండా ఫోన్లో కసరత్తు వీడియో చూసి మూడు నెలలుగా నేను రోజూ చేసింది ఆ ముక్కుడే! నన్ను నేనే తిట్టుకుంటూ మళ్లీ చేశాను. గీత కొంచెం లేచింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

నీళ్లు మానొద్దంది ఆ అమ్మాయి. దగ్గు వచ్చే ముందు, కుదుపు వచ్చే ముందు బిగించి పట్టమంది. "కుదుపు ఎప్పుడొస్తదో ముందుగాల తెల్వదు గదా మేడమ్, గదే కష్టం" అంది.

నాకు నవ్వొచ్చింది. "నాకు తెల్వకపోవుడేంది బిడ్డా? పన్నెండేండ్ల సంది అదే రోడ్డు. ఏ గుంట యాడుందో కండ్లు మూసుకొని చెప్త."

అలాగే చేశాను. టికెట్లు కొడుతూనే గుంట ముందు బిగించేదాన్ని, దాటాక వదిలేదాన్ని. ఇంట్లో పడుకుని చేసే కసరత్తు వేరే. నెల దాకా తేడా ఏమీ తెలియలేదు. మూడో నెలలో ఒక రోజు చర్లలో దిగి చూసుకుంటే పొడిగా ఉంది. ఇప్పటికీ జలుబు చేస్తే ఒక చుక్క పడుతుంది, అబద్ధమెందుకు. కానీ సీసాడు నీళ్లు తాగి మరీ డ్యూటీ చేస్తున్నాను.

సరిగ్గా అప్పుడే డిపోలో కుర్చీ ఖాళీ అయిందని కబురొచ్చింది. వెళ్లి వద్దన్నాను.

"నడుం నొప్పని ఎంబడిపడి అడిగినవ్ గదమ్మా. ఇప్పుడేంది?" అన్నారు డిపో మేనేజరు సారు. గదిలో ఇంకో ముగ్గురు మగవాళ్లున్నారు.

"నడుం నొప్పి కాదు సార్. బస్సు ఎగిరితే ఉచ్చ ఆగకపోయేది. చెప్పనీకి సిగ్గయి అబద్ధం రాసిన. దవాఖానాల కసరత్తు నేర్పిన్రు. ఇప్పుడు ఆగుతంది."

ముగ్గురూ తలలు దించుకున్నారు. సారు నా అర్జీ పక్కన పెట్టారు. నేను బయటికి వచ్చేశాక, వెనకాలే వరండాలోకి వచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"ఆ డాక్టరమ్మ ఏ రోజుల్ల ఉంటదమ్మా? మా ఇంటామె రెండేండ్ల సంది బస్సెక్కుతలేదు. మోకాళ్ల నొప్పులంటది."