ముందే చెప్పిన సాక్ష్యం

టూంగాబీలో మేముండే ఫ్లాటు (ఇక్కడ యూనిట్ అంటారు) మెట్ల మీద శనివారం సాయంత్రమైతే బూట్ల గుట్ట పడేది. సెలవు రోజైనా అందరూ ఆఫీసు బూట్లే వేసుకొచ్చేవాళ్ళు, చాలామందికి అదొక్కటే జత మరి. పై యూనిట్లో ఉండే ముసలావిడ వాటిని దాటుకుంటూ ఎక్కలేక, ఇక్కడేమైనా బూట్ల కొట్టు పెట్టారా అని నన్ను ఒకసారి నిలదీసింది. మా ఇంట్లో ప్రార్థన జరుగుతుందని చెప్పాను. అయితే నా మోకాళ్ళ కోసం కూడా చేయమను అని పైకి వెళ్ళిపోయింది.

దాన్ని మావాళ్ళు సహోదరుల కూడిక అనేవాళ్ళు. గుంటూరులో, ఏలూరులో, కాకినాడలో ఒకరి గుడి వంక ఒకరు కన్నెత్తి చూడని బాప్టిస్టులూ లూథరన్లూ పెంతెకోస్తువాళ్ళూ ఇక్కడ మా హాల్లో ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. పరాయి దేశం అలాంటి పనులు చేయిస్తుంది. ఆడవాళ్ళు రాకూడదని ఎవరూ అనలేదు గానీ, అంతమందికి వండే మనిషి వంటింట్లో కాక ఎక్కడుంటుంది? హాలుకీ వంటింటికీ మధ్య గోడలో గిన్నెలు అందించడానికి ఒక కిటికీ ఉండేది. నేను విన్నవన్నీ ఆ కిటికీలోంచి విన్నవే.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీకు తప్పు చదివి ఆగిపోతాయని లోకమంతా హడలిపోయిన రోజులవి. ఆ హడలే మావాళ్ళకు అన్నం పెట్టింది. మావారు సిటీలో ఒక బీమా కంపెనీలో పాత ప్రోగ్రాములు సరిచేసేవారు. నేను వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సును. వారమంతా ఎవరి పరుగు వాళ్ళది. శనివారం మాత్రం అందరూ మా చాప మీదికి చేరేవాళ్ళు.

కూడికలో అసలు ఘట్టం సాక్ష్యం. ఎవరి బతుకులో జరిగింది వాళ్ళు లేచి చెప్పడం. దానికొక పద్ధతుంది. కష్టంలో ఉన్నవాడు "నా గురించి ప్రార్థన చేయండి బ్రదర్స్" అని ఒక్క ముక్క అని కూర్చుంటాడు. ఏం కష్టమని ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. అది మర్యాద. ఆ కష్టం తీరాక లేచి, మొదటి నుంచీ చివరిదాకా చెప్పి స్తోత్రం పలుకుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. అంటే మా హాల్లో వినపడేవన్నీ గట్టెక్కినవాళ్ళ కథలే. నాకు ఇది మొదటి నుంచీ వింతగానే ఉండేది. ఆసుపత్రిలో మేం నొప్పి ఉన్నప్పుడే చెప్పమంటాం.

కూడికను నడిపేది పెద్దన్నయ్య. అందరికంటే ముందు ఈ దేశం వచ్చి, రైల్వేలో స్థిరపడ్డ మనిషి. మంచివాడు. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ముందు ముందు నాకు కోపమొస్తే చెప్పడం మర్చిపోతాను.

పాటలెత్తేవాడు తమ్ముడు. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. అమలాపురం దగ్గర పిల్లాడు, బ్లాక్‌టౌన్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. అతనికొక పాత స్టేషన్ వాగన్ కారుండేది. కొత్తగా దిగే ఏ తెలుగువాడికైనా ఎయిర్‌పోర్టులో మొదట కనపడేది తమ్ముడే, ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో నేనిచ్చిన పెరుగన్నం డబ్బా. వాళ్ళకు పరుపులు మోసేవాడు, అద్దె గదులు వెతికేవాడు, మందుల షాపు ఇదీ, మన బియ్యం దొరికేది అక్కడా అని ఊరంతా తిప్పి చూపించేవాడు. "నీకు జీతం ఎవరిస్తున్నార్రా ఈ పనికి?" అని నేను ఏడిపిస్తే, "మీ గోంగూర పచ్చడి ఉందిగా అక్కా" అనేవాడు.

మా నాన్న పోయారని తెనాలి నుంచి ఫోనొచ్చిన రోజు మావారు పని మీద మెల్‌బోర్న్ వెళ్ళి ఉన్నారు. ఎవరు చెప్పారో, తమ్ముడు వచ్చాడు. ఊరుకో అక్కా అనలేదు, వాక్యం చదవలేదు. సింకులో గిన్నెలన్నీ కడిగి, పొయ్యి తుడిచి, అన్నం వండి, నేను తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. నాకు తమ్ముళ్ళు లేరు. ఉంటే ఇంతకంటే ఏం చేస్తారు?

కొత్త సంవత్సరం వచ్చింది. లోకం ఆగలేదు, కంప్యూటర్లూ ఆగలేదు. ఇంక సరిచేయడానికి ఏముంది కనక? కొంతకాలం వేరే పనులు దొరికాయి గానీ, తర్వాత అవీ పల్చబడ్డాయి. ఒక్కొక్క శనివారం ఒక్కొక్కరు "ప్రార్థన చేయండి బ్రదర్స్" అనడం మొదలైంది. ఒక శనివారం ఆ మాట తమ్ముడు అన్నాడు.

మాకు పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది, ఉద్యోగం పోయినా ఇంకోటి వెతుక్కుంటాం. తమ్ముడిది కంపెనీ పూచీతో వచ్చిన వీసా. ఆ ఉద్యోగం పోతే గడువులోగా ఇంకో కంపెనీ పూచీపడాలి. లేదంటే సంచీ సర్దుకోవడమే. ఈ సంగతి చాప మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. అందరూ కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించారు. తెరిచాక, మా మేనేజరుని అడుగుతా, మా ఆఫీసులో కనుక్కుంటా అన్నారు.

ప్రతి శనివారం పెద్దన్నయ్య అతని భుజం తట్టేవాడు. "ఏం తమ్ముడూ, సాక్ష్యం ఎప్పుడు? వినాలని ఉంది మాకు." ప్రేమతోనే అనేవాడు. తమ్ముడు నవ్వి పాట ఎత్తుకునేవాడు. నాకు మాత్రం కిటికీలోంచి అతని మెడ కనపడేది. చొక్కా కాలరు వదులైపోతోంది.

ఆ తర్వాత ఒక శనివారం అతను లేచాడు.

"ప్రభువు నాకు ఉద్యోగం ఇచ్చాడు బ్రదర్స్" అన్నాడు. "మంచి కంపెనీ. మంచి మనుషులు. నన్ను విడిచిపెట్టలేదు. ఆయనకే స్తోత్రం."

హాలంతా చప్పట్లు. మావారు లేచి వెళ్ళి కౌగిలించుకున్నారు. నేను ఒక్క గెంతులో పొయ్యి మీద పాలు పెట్టి సేమ్యా పాయసం మొదలెట్టాను. కలుపుతూనే కిటికీలోంచి అరిచాను, "ఎక్కడ తమ్ముడూ, ఏ కంపెనీ? ఎప్పుడు చేరతావు?"

"సాక్ష్యం మధ్యలో ప్రశ్నలేంటి సిస్టర్" అన్నాడు పెద్దన్నయ్య నవ్వుతూ. "పాట ఎత్తుకో తమ్ముడూ."

తమ్ముడు పాట ఎత్తుకున్నాడు. పాయసం మాత్రం తలొంచుకుని తిన్నాడు. అంతమంది చప్పట్లకు సిగ్గుపడ్డాడు కాబోలు అనుకున్నాను.

కొన్నాళ్ళకు మావారి ఆఫీసులో ఒక ఖాళీ పడింది. నమ్మకమైన మనిషి ఎవరైనా ఉంటే చెప్పు, వీసా పూచీ మేం చూసుకుంటాం అని మేనేజరు మావారినే అడిగాడట. ఇంటికొచ్చి టై విప్పుతూ, "మనవాడికి దొరక్కపోయుంటే కళ్ళు మూసుకుని అతన్నే పెట్టించేవాణ్ణి" అన్నారు. శనివారం కూడికలో ఆ మాట బయటపెట్టారు. తమ్ముడు అక్కడే ఉన్నాడు. అతని గదిలోనే కొత్తగా దిగిన ఒక ఒంగోలు కుర్రవాడున్నాడు, ఉద్యోగం లేదు. అందరూ అతని పేరే అన్నారు. "అవునన్నయ్యా, వీడికి చాలా అవసరం" అన్నాడు తమ్ముడు కూడా.

ఇంటర్వ్యూకి ఆ ఒంగోలతన్ని తన కార్లో తనే దింపాడు. తన టై తనే కట్టి పంపాడట. ఆ ఉద్యోగం అతనికి వచ్చింది. ఆ పై శనివారం అతను లేచి సాక్ష్యం చెప్పి, ముందు దేవుడికీ తర్వాత తమ్ముడికీ వందనాలు చెప్పాడు. తమ్ముడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఒక మధ్యాహ్నం నా పొద్దుటి డ్యూటీ అయిపోయి, బయటి రోగులు కూర్చునే హాలు గుండా వస్తున్నాను. మూల కుర్చీలో తమ్ముడు. టై కట్టుకుని, ఆఫీసు సంచీ ఒళ్ళో పెట్టుకుని, గోడ మీద టీవీ చూస్తున్నాడు. ఒంట్లో ఏదో పెద్ద జబ్బే అనుకున్నాను. పక్కన కూలబడి చెయ్యి పట్టుకున్నాను.

"ఏమైంది నాన్నా? ఏ డాక్టరు దగ్గర? చెప్పు."

"ఏం లేదక్కా. బాగానే ఉన్నాను." చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఇక్కడైతే ఎందుక్కూర్చున్నావని ఎవరూ అడగరు."

నాకు అర్థం కాలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఉద్యోగం లేదు. ఎప్పుడూ రాలేదు. ఒంగోలతను పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరుతుంటే, ఇతనూ టై కట్టుకుని అదే రైలెక్కి, మధ్యలో దిగిపోతున్నాడు.

"మరి సాక్ష్యం చెప్పావు కదరా!"

"పెద్దన్నయ్యే చెప్పమన్నారక్కా. ఒకరోజు కార్లో వెళ్తూ అన్నారు. దొరికాక థాంక్స్ ఎవడైనా చెప్తాడు, దొరక్కముందే దొరికిందని నమ్మి అందరి ముందూ చెప్పు, అదీ విశ్వాసం, అప్పుడే తలుపు తెరుచుకుంటుందని. నమ్మాను. చెప్పాను. మీరంతా నిజంగా వచ్చేసిందనుకున్నారు."

"అనుకోమా మరి? సరే, మావారి ఆఫీసులో ఖాళీ ఉందన్న రోజైనా నోరు తెరవొచ్చుగా! అడగందే అమ్మైనా పెట్టదంటారే! నీ నోటికాడి కూడు తీసుకెళ్ళి నీ చేత్తో ఇంకొకడికి పెట్టొచ్చావే, నిన్నేమనాలి?"

హాల్లో నలుగురూ మా వైపు చూశారు. చూడనీ. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి.

తమ్ముడు చాలా మెల్లగా అన్నాడు, "అప్పుడు లేచి ఉద్యోగం రాలేదని చెప్తే, దేవుడు ఇవ్వలేదని అనుకుంటారు కదక్కా. అంతమంది ముందు ఆయన పేరు పోగొట్టడం నాకిష్టం లేదు."

దేవుడి పరువు కాపాడటానికి ఈ పిల్లాడు తన అన్నం వదులుకున్నాడు. దేవుడికి ఆ మాత్రం పరువు తనంతట తాను కాపాడుకోవడం రాదా? ఆ ప్రశ్న నేను అతన్ని అడగలేదు. ఇంటికి పద అన్నాను.

ఆ సాయంత్రమే మావారికి చెప్పాను, మావారు పెద్దన్నయ్యకు ఫోన్ చేశారు. ఆయన వెంటనే వచ్చి మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, పెద్దవాడు, కళ్ళు తుడుచుకున్నాడు. "నేను చెప్పిందే నేను మర్చిపోయాను సిస్టర్. అతను లేవగానే నిజంగా దొరికిందనే అనుకున్నాను." ఆయన్ని తిట్టాలని కూడబెట్టుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

అప్పుడు పరుగులు మొదలయ్యాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. చాప మీది ప్రతివాడూ తన ఆఫీసులో, తెలిసినవాళ్ళ ఆఫీసుల్లో అడిగాడు. ఎక్కడికెళ్ళినా మనుషుల్ని తీసేసే కాలమే గానీ పెట్టుకునే కాలం కాదు. ఒంగోలతను మావారి మేనేజరు దగ్గరికెళ్ళి, నేను మానేస్తాను, ఈ చోటు మా అన్నకివ్వండి అన్నాడు. ఆ మేనేజరు అతన్ని వింతగా చూసి, నువ్వు మానేస్తే ఆ చోటే తీసేస్తాం అన్నాడట. గడువు అయిపోయింది.

బయల్దేరే రోజు పొద్దున్నే చికెన్ వేపుడు, పెరుగన్నం చేసి డబ్బాలో పెట్టాను. ఇన్నేళ్ళూ ఎయిర్‌పోర్టుకు నేనిచ్చిన డబ్బాలు వచ్చేవాళ్ళ కోసం. వెళ్ళేవాడి కోసం ఇదే మొదటిది. స్టేషన్ వాగన్ తాళాలు అప్పటికే ఒంగోలతని చేతికిచ్చేశాడు. "వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారురా, ఫ్లాస్కు సీటు కింద ఉంది" అన్నాడట. అతనే తోలాడు. దారంతా ఏడుస్తూనే తోలాడు.

మిగతావాళ్ళు అప్పటికే వచ్చేసి, అవే ఆఫీసు బూట్లతో గుండ్రంగా నిలబడ్డారు. పెద్దన్నయ్య తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు.

"తండ్రీ, ఇండియాలో ఈ బిడ్డకు ఇంతకంటే మంచి ఉద్యోగం ఇచ్చినందుకు నీకు స్తోత్రం. ఇచ్చేశావు తండ్రీ, వందనాలు."

నేను టక్కున కళ్ళు తెరిచాను. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. పాపం, ఆయనకు ఇంకో రకంగా ప్రార్థన చేయడం రాదు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు బుద్ధి తెలిశాక ఒక ప్రార్థనకు ఆమెన్ అనకపోవడం అదే మొదలు. చూస్తే తమ్ముడూ కళ్ళు తెరిచే ఉన్నాడు. అతని పెదాలూ కదల్లేదు.

లోపలికి వెళ్ళే ముందు నా చేతిలో డబ్బా తీసుకుని దగ్గరికొచ్చాడు.

"ఈసారి మాత్రం దొరికాకే చెప్తానక్కా."

"దొరక్కపోయినా చెప్పరా. నాకు చెప్పు" అన్నాను. విన్నాడో లేదో, తల ఊపి వెళ్ళిపోయాడు.

తర్వాత అతను ఇచ్చిన నంబరుకు చేస్తే ఎవరో ఎత్తి, వాళ్ళు ఇల్లు మారారని చెప్పారు. మేం టూంగాబీ వదిలి సొంతింటికి మారినా, అతనికి తెలిసిన మా పాత ఫోన్ నంబరు మాత్రం మార్చనివ్వలేదు నేను. ఇప్పుడందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే, ఇంట్లో ఆ ఫోనెందుకని మా పిల్లలు ఇంగ్లీషులో గొణుగుతారు. ఉండనీ అంటాను. అతను దొరికాకే చెప్తానన్నాడు. ఇంతవరకూ చెప్పలేదు.