సిట్టకోస్

మొన్న ఇబ్రహీంపట్నంలో బస్సు దిగుతుంటే రామచిలుకల గుంపొకటి అరుచుకుంటూ డిపో మీదుగా పోయింది. పక్కనున్నవాళ్లు ఫోన్లెత్తి ఫోటోలు తీసుకున్నారు. నాకు మా బావ గుర్తొచ్చాడు, ఆయన వెంటే ఒక గ్రీకు మాటా గుర్తొచ్చింది.

బావ ఆ డిపోలోనే మెకానిక్. భూముల ధరలు పూటకో తీరుగా పెరుగుతున్న రోజులవి. కొంగరకలాన్ దారిలో వెంచర్ కోసం తాటిచెట్లు కొట్టేస్తుంటే, ఒక తొర్రలోంచి ఈకలైనా రాని చిలుక పిల్లలు రెండు కింద పడ్డాయట. అన్నం గిన్నెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ ఇంట్లో పిల్లలు లేరు. నానబెట్టిన శనగపప్పు నూరి, గ్రీజు మరక వదలని వేలితో తినిపించేవాడు. పెద్దయ్యాక అవి ఆ వేలినే కొరికేవి, ఆయన మురిసిపోయేవాడు. పంజరం ఊడ్చే పని అక్కకు ఇచ్చేవాడు కాదు. ఎండిన రెట్టల దుమ్మంతా ఆయన ముక్కులోకే పోయేది.

చలికాలంలో జ్వరం, పొడిదగ్గు పట్టుకున్నాయి. మందులు పనిచేయక పట్నం దవాఖానకు తీసుకెళ్లేసరికి ఊపిరి అందడం లేదు. పరీక్షలయ్యాక పెద్ద డాక్టరు రోగం పేరు చెప్పాడు, సిట్టకోసిస్ అని.

"గిదేం పేరు సార్?" అంది అక్క.

"చిలుకల నుంచి వచ్చే జబ్బమ్మా. గ్రీకులో చిలుకను సిట్టకోస్ అంటారు."

నేను తెలుగు పంతులునని తెలిసి, వరండాలోకి పిలిచి మిగతాది చెప్పాడు. మాట మొదట్లో 'ప' కూడా ఉందట, ఇంగ్లీషువాళ్లు పలకడం మానేశారు. చివరి 'ఓస్' పుంలింగం, ప్రథమా విభక్తి, ఏకవచనం; మన 'శుకః'లో విసర్గలాగా. అసలు మాట గ్రీకులది కాదట, మాట్లాడే పిట్టతో పాటు మన దేశం వైపు నుంచే వెళ్లిందని కొందరి ఊహ. చెప్పడానికి ఆశ మిగలనప్పుడు మనిషి వ్యాకరణమైనా చెబుతాడని నాకప్పుడు తట్టలేదు.

లోపలికొచ్చి అక్కకు చెప్పాను.

"మొగపిట్ట పేరా? మనయి రెండూ ఆడయే కదరా, మెడకు గీత లేదు. గట్లయితే రోగం వేరే అయ్యుంటది. జర మళ్ల అడుగు," అంది.

నేను అడగలేదు.

అప్పటికే వాడకట్టోళ్లు భయపడి కబురుపెడితే, పశువుల దవాఖాన వాళ్లొచ్చి ఆ రెండింటినీ తీసుకెళ్లి చంపేశారు. బావకు ఎవరమూ చెప్పలేదు. సాయంత్రం ఆయన మాస్కు పక్కకు జరిపి, "పిట్టలకు జామకాయ పెట్టిన్రా?" అన్నాడు.

"పెట్టినం. మంచిగ తిన్నయ్," అంది అక్క.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పోయాడు.

ఏళ్లు గడిచేకొద్దీ అక్క బాధ తగ్గిందో లేదో నాకు తెలియదు. దాని గురించి అక్కతో మాట్లాడగలిగిన మనుషులు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోయారు.