పుల్లకు అంటని ఆయిల్

ఆ రోజుల్లో, ఆ వయసులో, ప్రతి మనిషికీ దేన్నో ఒకదాన్ని చూసి నోరు తెరవాల్సిన అవసరం ఉండేది. నా తోటివాళ్లు సినిమా తారలను చూసి తెరిచారు. నేను మా సేటు ఫట్‌ఫటీని చూసి తెరిచాను (మోటార్ సైకిల్‌ను మా వైపు అలాగే అనేవాళ్లం). మిర్యాలగూడలో ఆయన రైసు మిల్లులో నేను గుమాస్తాను. ఊళ్లు తిరిగి వడ్ల శాంపిళ్లు తేవడం నా పని. సేటు పొద్దున్నే స్నానం, పూజ ముగించి, నుదుటి బొట్టు ఆరకముందే వాకిట్లోకి వచ్చి, ఫట్‌ఫటీ ఆయిల్ మూత తీసి, దానికున్న ఇనుప పుల్లను కళ్లజోడు ఎత్తి మరీ చూసేవాడు. "మల్ల తాగింది సూడు!" అని డబ్బాలోంచి ఇంత ఆయిల్ పోసేవాడు. బండి కింద వాకిలంతా నల్లటి మరక. "తాగుతది, కక్కుతది. దీనికంటె మా బామ్మర్ది నయం" అని విసుక్కునేవాడు. నేను మాత్రం అదేదో మంత్రతంత్రమైనట్టు చేతులు కట్టుకుని చూసేవాణ్ని.

ఒకసారి కోదాడ వైపు ఊళ్లు తిరగడానికి ఆ బండి నా చేతికే ఇచ్చాడు. "రోజూ పుల్ల సూడు. ఆయిల్ లేక ఇంజన్ పట్టేసిందనుకో, బండిని గాడనే ఇడిసిపెట్టి నువ్వు గూడ గట్నే ఇంటికి పో. ఇగ మిల్లుకు రాకు" అన్నాడు. ఊరికే అనే మనిషి కాదు. నాకేమో అప్పటికి పెళ్లి కుదిరి నెల కూడా కాలేదు. మిల్లులో ఉద్యోగం ఉందనే మామగారు పిల్లనిస్తానన్నారు. ఉద్యోగం పోతే పిల్లా పోయినట్టే.

చిలుకూరు చేరేసరికి ముసురు పట్టింది. నాలుగు రోజులు ఒక రైతు ఇంట్లో ఉండిపోయాను. బండి ఆయన ఎడ్ల కొట్టంలో ఉంది. ఐదో రోజు పొద్దున తెరిపిచ్చాక మూత తీసి చూస్తే పుల్ల పొడిగా ఉంది. తుడిచి మళ్లీ ముంచాను. మళ్లీ పొడే. కింద చూస్తే చుక్క మరక లేదు. ఎడ్ల మూతులు కూడా చూశాను (నవ్వకండి, నేను నిజంగానే చూశాను). రైతు నా అవస్థ చూసి, "గింత పరేషాన్ ఎందుకు గుమాస్తా సారూ? మా బండి ఇరుసుకు ఆముదమే పోస్తం. తిరిగేటిదానికి నూనె గావాలె, అంతే గద. ఇంట్ల మస్తుగుంది" అన్నాడు. బి.ఏ. చదివిన నా బుర్రకు అందులో తప్పేమీ కనబడలేదు. నిండా పోశాను.

ఊరు దాటానో లేదో వెనక తెల్లటి పొగ. ఆ ఆముదం వాసనకు బడికి పోతున్న పిల్లలు ముక్కు కాదు, నోరు మూసుకున్నారు. ఇంజన్ సందుల్లోంచి ఆయిల్ చిమ్మి నా ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది.

కోదాడలో బెజవాడ నుంచి వచ్చి స్థిరపడిన ఒక మేస్త్రి ఉండేవాడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు, పిడి తన చెవికి ఆనించి రోగం చెప్పేస్తాడని ఆయన్ని చెవుల మేస్త్రి అనేవారు. ఆ రోజు చెవితో పని పడలేదు. గాలి పీల్చి, "విరేచనాలు ఎవరికయ్యా, బండికా నీకా?" అన్నాడు.

"ఆయిల్ మొత్తం అయిపోయింది మేస్త్రీ!"

"కింద కారలేదు, పైన లేదు. మరి ఎగిరిపోయిందా?"

ఇంజన్ అడుగున బోల్టు విప్పాడు. బళబళమని నల్ల ఆయిల్, వెనకే ఆముదం. "ఇంజన్లో ఆయిల్ ఉండటానికి పైనొక అర, కిందొక అర. పుల్ల మునిగేది పైదాంట్లోనే. నడిచినంతసేపూ పంపు కింది ఆయిల్‌ని పైకి తోడుతుంది. నిలబెట్టేస్తే మెల్లగా కిందికి దిగిపోతుంది. కాసేపు నడిపి, అప్పుడు కొలవాలి. పొద్దున్నే కొలిస్తే ఏముంటుంది? దాని మీద ఇంకా పోస్తే ఎక్కువై కక్కదా?" అంటూ అంతా కడిగి, కొత్త ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి మూత తీశాడు. "ఇప్పుడు చూడు."

చూశాను. సన్నటి గొట్టంలోంచి ఆయిల్ చిమ్ముతోంది. ఆగుతోంది, చిమ్ముతోంది. బొటనవేలంత పంపు, ఎవరూ చూడకపోయినా, అంత ఇనుమునూ బతికిస్తోంది. ప్యాంటు సంగతి, పెళ్లి సంగతి మరిచిపోయి అలాగే వంగి నిలబడ్డాను.

మర్నాడు పొద్దున మిర్యాలగూడలో సేటు బొట్టుతో వాకిట్లోకి వచ్చి, మూత తీసి, "మల్ల తాగింది" అని డబ్బా అందుకున్నాడు. "ఆగండి సేటూ" అన్నాను. ఆముదంతో సహా అంతా చెప్పేశాను. నేను బండి స్టార్ట్ చేసి, కాసేపు నడవనిచ్చి, ఆపి పుల్ల చూపించాను. గీత దాకా ఆయిల్. సేటు ఆ పుల్లను చూశాడు, చేతిలోని డబ్బాను చూశాడు, మూడేళ్లుగా వాకిట్లో పరుచుకున్న మరకను చూశాడు.

"ఈ ముచ్చట మిల్లుల చెప్పకు" అన్నాడు చివరికి.

"చెప్పను సేటూ."

"ఆముదం ముచ్చట నేను గూడ చెప్ప."

అలా నా ఉద్యోగం, పెళ్లి రెండూ నిలబడ్డాయి. ఆ పిల్లే ఇప్పుడు పొద్దున్నే కాఫీ ఇస్తూ, "ఇయ్యాల ఏం వారమో చెప్పుండ్రి" అని నాకు పరీక్ష పెడుతోంది. ఈ ముసలి వయసులో ఎంత తడుముకున్నా గుర్తు రాదు. "మీ తలకాయల అంత ఖతం" అంటుంది. "పొద్దున్నే కొలవకే, కిందికి దిగి ఉంటది. జర నడవనియ్యి" అంటాను. ఇంటి చుట్టూ మెల్లగా నాలుగుసార్లు తిరిగి వచ్చి, "గురువారం" అంటాను. ఆవిడ తల తిప్పుకుని నవ్వుతుంది. ఇంకా పైకి వస్తోందే అని, ఆనాడు ఆ మూతలోకి చూసినంత ఆశ్చర్యంగా నేనూ నవ్వుకుంటాను.